వ్యాపార వీసాకు సొంత లెక్క



బ్రిటన్‌లో కంపెనీ పెట్టాలనుకునే మన బడి పిల్లలకు ఒక్క మాట. అక్కడ 2023 ఏప్రిల్‌లో ఇన్నోవేటర్ ఫౌండర్ వీసా వచ్చింది. పాత వీసాకున్న 50,000 పౌండ్ల పెట్టుబడి నిబంధన పోయింది. అయితే దరఖాస్తుకు ముందే, ప్రభుత్వ గుర్తింపున్న ఒక సంస్థ మీ వ్యాపారాన్ని ఆమోదించాలి. కొత్తదా, నిలబడుతుందా, పెరుగుతుందా అని చూస్తారు. ఆ ఆలోచనలో మీ పాత్ర ఎంతో కూడా చూస్తారు. డబ్బిచ్చి రాయించుకున్న ప్రణాళికైతే ప్రశ్న పడగానే నీళ్లు నమలాలి. వీసా వచ్చాక కూడా ఆ సంస్థ కనీసం రెండుసార్లు పురోగతి అడుగుతుంది.

ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు, ఏడాది ఖర్చెంత? మీరే లెక్క వేయండి. భాష దిద్దించుకోండి, ఆలోచన మాత్రం అరువు తెచ్చుకోకండి. స్టెప్పులు లేని జవాబుకు మన లెక్కల మాస్టార్లు మార్కులు వేయలేదు. అక్కడా అంతే.

సెలవు.