ప్లేగు రోజుల్లో సావిత్రిబాయి



1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. తర్వాత పూనాకు పాకింది. ఎలుకల ఒంటి మీది పురుగులు కుడితే ఈ జబ్బు వస్తుంది. జ్వరం కాస్తుంది. గజ్జల్లో, చంకల్లో గడ్డలు లేస్తాయి. నయం చేసే మందు అప్పుడు లేదు. రోగి దగ్గరికి పోవాలంటేనే జనానికి భయం.

సావిత్రిబాయి ఫూలే భయపడలేదు. 1848లో పూనాలో ఆడపిల్లలకు బడి పెట్టిన తల్లి ఆమె. బడికి పోతుంటే ఆమె మీద పేడ విసిరారు. ఆ ఊరికే ఆపద వస్తే ఊరుకోలేదు. డాక్టరైన కొడుకు యశ్వంత్‌తో కలిసి రోగులకు సేవ చేసింది. జబ్బుపడ్డ పిల్లవాణ్ణి వీపున మోసుకొచ్చింది. ఆమెకూ ప్లేగు సోకింది. 1897 మార్చి 10న కన్నుమూసింది.

ఇప్పుడు ప్లేగుకు మందులున్నాయి. చచ్చిన ఎలుకల్ని చేత్తో ముట్టకండి. జబ్బు చేస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి. రోగిని మాత్రం ఒంటరిగా వదిలెయ్యకండి.