ఈ మ్యాపు ఏ ఏడాదిది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సోషల్ మాస్టారి గదిలో గోడకి వేలాడే యూరప్ మ్యాపు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంచులు చిరిగిపోయి, బట్ట అతికించి ఉండేది. అందులో జర్మనీ ఒక్కటే. మా పాఠ్యపుస్తకంలో మాత్రం తూర్పు జర్మనీ, పశ్చిమ జర్మనీ అని రెండు. "ఏది కరెక్టు మాస్టారూ?" అని అడిగాం. "రెండూ కరెక్టేరా. ముందు ఈ మ్యాపు ఏ ఏడాదిదో, ఎవరు గీశారో చూడండి" అన్నారాయన. మేం నవ్వుకుని, పరీక్షకు రెండు జర్మనీలు బట్టీ పట్టాం.

తరవాత నేను డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు యూరప్ చరిత్ర చెప్పాను. తొంభైల్లో ఒకసారి మొదటి ప్రపంచ యుద్ధం మీద స్లిప్ టెస్టు పెట్టాను. నా నోట్సులో జవాబు ఇలా ఉండేది: రహస్య సంధులు, సైనికవాదం, జాతీయవాదం, వలసల కోసం పోటీ; ఏ దేశమూ కోరుకోకపోయినా అన్నీ కలిసి యుద్ధంలోకి జారిపోయాయి. ఒక అమ్మాయి, "ఎవరూ కోరకుండా అంత యుద్ధం రాదు, ఎవరో ఒకరు కోరే ఉండాలి" అని రాసింది. పదికి రెండు వేశాను. పేపరు పట్టుకొచ్చి, "ఎవరూ కోరలేదని మొదట ఎవరన్నారు సార్?" అని అడిగింది. "అవన్నీ నీకెందుకమ్మా, నోట్సు చదువుకో" అన్నాను. ఆ ఏడాదంతా ఆ అమ్మాయి నన్ను మరో ప్రశ్న అడగలేదు.

ఆమెకి ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఈ రోజు మీ ముందు చెబుతాను.

1919 వెర్సాయ్ సంధిలో 231వ అధికరణం యుద్ధనష్టానికి జర్మనీని, దాని మిత్రదేశాలను బాధ్యుల్ని చేసింది. నష్టపరిహారానికి అదే ఆధారం. ఆ మాట తప్పని చూపించడానికి జర్మనీ విదేశాంగ శాఖ ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టింది. 1922 నుంచి 1927 దాకా తన పాత దౌత్యపత్రాలను 40 సంపుటాలుగా అచ్చు వేయించింది. మిగతా దేశాలు అప్పటికి తమ పత్రాలను ఆ స్థాయిలో బయటపెట్టలేదు. దాంతో ప్రపంచంలోని చరిత్రకారులు ఆ సంపుటాల మీదే ఆధారపడ్డారు. అందులో ఏవి ఉండాలో ఎంచింది మాత్రం ఆ ప్రభుత్వం నియమించిన సంపాదకులు. తప్పు అందరిదీ అనే మాట బలపడడంలో ఆ సంపుటాల పాత్ర చాలా ఉంది. నా నోట్సులోకి వచ్చింది ఆ మాటే.

పత్రాలు చూడకుండా చరిత్ర రాయకూడదని ప్రపంచానికి నేర్పినవాళ్ళలో ముఖ్యుడు కూడా జర్మనే. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన రాంకే. విద్యార్థుల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని అసలు పత్రాన్ని పరీక్షించే సెమినార్ పద్ధతికి ఆయనదే పెద్ద పేరు. గొప్ప పనే. కానీ ఆయన ఎక్కువగా నమ్ముకున్నవి రాజ్యం దాచిన కాగితాలు, రాయబారుల ఉత్తరాలు. రాజ్యం దాచుకున్న కాగితం రాజ్యం వైపు నుంచే మాట్లాడుతుంది.

1961లో హాంబర్గ్ ఆచార్యుడు ఫ్రిట్జ్ ఫిషర్ ఒక పుస్తకం వేశాడు. యుద్ధం మొదలైన నెలన్నరలోపే, 1914 సెప్టెంబరు 9 తేదీతో, జర్మన్ ఛాన్సలర్ బెట్‌మాన్ హోల్వెగ్ కార్యాలయంలో తయారైన పత్రాన్ని చర్చ మధ్యలో పెట్టాడు. ఫ్రాన్సుని బలహీనం చేయాలి, బెల్జియంని చెప్పుచేతల్లో ఉంచుకోవాలి, మధ్య ఆఫ్రికాలో వలస కావాలి అన్న లెక్కలన్నీ అందులో ఉన్నాయి. జర్మన్ పాలకుల బాధ్యత చాలా పెద్దదని ఫిషర్ వాదించాడు.

దేశం అట్టుడికింది. ఫ్రైబర్గ్ ఆచార్యుడు గెర్హార్డ్ రిట్టర్ తీవ్రంగా ఖండించాడు. 1964లో ఫిషర్ అమెరికాలో ఉపన్యాసాలకు వెళ్ళాల్సి ఉంటే, పశ్చిమ జర్మనీ విదేశాంగ శాఖ ఇస్తానన్న డబ్బు వెనక్కి తీసుకుంది. అమెరికా చరిత్రకారులు నిరసన తెలిపి, తామే ఖర్చు పెట్టుకుని పిలిపించుకున్నారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. దేశాన్ని తప్పుపట్టిన ఫిషర్ ఒకప్పుడు నాజీ పార్టీ సభ్యుడు. దేశం తరఫున వాదించిన రిట్టర్ 1944లో నాజీలు జైల్లో పెట్టిన మనిషి, మొదటి యుద్ధంలో సైనికుడిగా పోరాడినవాడు. ఎవరు మంచివాడో చూసి చరిత్ర తేల్చుకోవడం కుదరదు. ఆధారమే చూడాలి. ఆ చర్చా అక్కడితో ఆగలేదు. 2012లో క్రిస్టఫర్ క్లార్క్ బాధ్యతను మళ్ళీ అన్ని రాజధానులకూ పంచాడు.

ఒకే ఆధారం చూసినా అందరికీ ఒకే చరిత్ర కనపడదు. హాంబర్గ్ నుంచి పోలెండ్ వెళ్ళిన 101వ రిజర్వ్ పోలీసు బెటాలియన్‌లో దాదాపు 500 మంది. 1942 జులైలో యూజెఫూవ్ అనే ఊళ్ళో సుమారు 1,500 మంది యూదుల్ని కాల్చి చంపారు. ఈ పని చేయలేమనుకునేవాళ్ళు తప్పుకోవచ్చని కమాండరు ముందే అంటే, అప్పటికప్పుడు ముందుకొచ్చింది పదీ పన్నెండు మంది. 1960ల్లో ఆ మనుషులే విచారణాధికారులకిచ్చిన వాంగ్మూలాలు మనకున్నాయి. వాటిని చదివి క్రిస్టఫర్ బ్రౌనింగ్ 1992లో, తోటివాళ్ళ ఎదుట పిరికివాళ్ళమనిపించుకోకూడదని, పైవాడు చెప్పాడని మామూలు మనుషులే హంతకులయ్యారని రాశాడు. వాటినే చదివి డేనియల్ గోల్డ్‌హాగెన్ 1996లో, జర్మన్ సమాజంలో పాతుకుపోయిన యూదు ద్వేషమే చంపించిందన్నాడు. కేసు భయంతో ఉన్న మనిషి "నాకు ఇష్టం లేకుండానే చేశాను" అంటే నమ్మాలా వద్దా? వాళ్ళిద్దరి తేడాలో చాలా భాగం అక్కడే ఉంది.

అయితే ఎవరి చరిత్ర వాళ్ళదేనా? కాదు. బ్రౌనింగ్, గోల్డ్‌హాగెన్ ఎంత పోట్లాడుకున్నా హత్యలు జరగలేదని ఎవరూ అనలేదు. అలా అన్న డేవిడ్ ఇర్వింగ్, తనను విమర్శించిన డెబొరా లిప్‌స్టాట్ మీద లండన్‌లో పరువునష్టం దావా వేశాడు. జర్మన్ చరిత్ర నిపుణుడు రిచర్డ్ ఎవాన్స్ ఇర్వింగ్ పుస్తకాల్ని మూల పత్రాలతో పోల్చి చూశాడు. 2000 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. ఇర్వింగ్ ఆధారాల్ని కావాలనే వక్రీకరించాడని కోర్టు తేల్చింది. పత్రాన్ని వేరే అర్థంలో చదవడం ఒకటి, పత్రంలో ఉన్నదాన్ని మార్చేయడం మరొకటి. ఈ రెంటికీ మధ్య గీత పిల్లలకి చూపించడమే చరిత్ర మాస్టారి ఉద్యోగం.

ఈ పని పెద్ద పండితులకే అనుకోకండి. శత్రువులుగా బతికిన పశ్చిమ జర్మనీ, పోలెండ్‌ల పండితులు 1972 నుంచి ఒకరి పాఠ్యపుస్తకాలు ఒకరు దగ్గర కూర్చుని సరిచూసుకున్నారు. జర్మనీ, ఫ్రాన్సులు 2006లో హైస్కూలు పై తరగతులకి ఉమ్మడి చరిత్ర పుస్తకం తెచ్చాయి. ఒకే పుస్తకం, రెండు భాషల్లో.

ఆ అమ్మాయికి రెండు మార్కులు వేసిన నాటికి ఫిషర్ పుస్తకం వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఇంగ్లీషులోనూ దొరుకుతోంది. నేను చదవలేదు. ఆ పిల్ల తన బుర్రతో ఫిషర్ అడిగిన ప్రశ్న దగ్గరికే వచ్చింది. ఆమె జవాబు పూర్తిగా సరైనదని ఈరోజుకీ అనను. ప్రశ్న మాత్రం పదికి పది విలువైంది. ఇక్కడ నా గురువు నేర్పిన పాఠాన్ని అక్కడ నా విద్యార్థి గుర్తుపెట్టుకుంది, నేను మరిచిపోయాను.

ఇక్కడున్న ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. కారణాలు అయిదు చెప్పండి, పరీక్షలకి తప్పదు. ఆరోదిగా, ఈ అయిదూ ఎవరు, ఎప్పుడు, ఏ కాగితం చూసి రాశారో కూడా చెప్పండి. తెలియకపోతే తెలియదనండి. "నీకెందుకు" అని మాత్రం అనకండి.

1990లో జర్మనీ మళ్ళీ ఒక్కటైంది. అయినా అది మన గోడ మీది మ్యాపులోని జర్మనీ కాదు. తూర్పు సరిహద్దు ఎంతో లోపలికి జరిగింది. ఇప్పుడు ఆ మ్యాపు కరెక్టా కాదా అని ఏ పిల్లవాడైనా అడిగితే, మాస్టారి జవాబే జవాబు.