పిల్లికి జోడీ ఎవరు?

ఈ పూట సంగతి పద్యాలు కాదు, పద్యానికి చాలా ముందుది. నాలుగేళ్ళ పిల్ల రెండు మాటలు విని, ఇవి ఒకేలా మోగుతున్నాయని ఎలా పట్టుకుంటుంది?

'పిల్లికి జోడీ ఎవరు?' అని అడిగి మూడేళ్ళ బిడ్డ ముందు కుక్క బొమ్మ, బల్లి బొమ్మ పెడితే, కుక్క మీద వేలు పెట్టడానికే అవకాశం ఎక్కువ. పిల్లీ కుక్కా రెండూ బొచ్చున్నవి, ఇంట్లో తిరిగేవి. (బల్లీ ఇంట్లో తిరిగేదే, కానీ దాన్నెవరు ముద్దు చేస్తారు?) ఆ వయసులో మాట వినగానే వస్తువే కళ్ళముందుకొస్తుంది, మాటకు విడిగా ఒక మోత ఉందన్న ధ్యాస ఇంకా అంతగా ఉండదు. ఆటపాటలు పుట్టించేది ఆ ధ్యాసనే.

ఆ ధ్యాసకూ చదువుకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపించినవాళ్ళు ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్. 1983లో 'నేచర్' పత్రికలో వచ్చిన వాళ్ళ పరిశోధనలో నాలుగైదేళ్ళ పిల్లలు నాలుగు వందల మంది దాకా ఉన్నారు. ఎవరికీ అప్పటికి చదవడం రాదు. మూడు నాలుగు చిన్న మాటలు వినిపించి, అందులో పొసగనిది ఏదో చెప్పమన్నారు. ఆ పని బాగా చేసినవాళ్ళే కొన్నేళ్ళ తర్వాత చదవడంలో, స్పెల్లింగులో ముందున్నారు.

అంతవరకూ అందరూ చెబుతారు. మిగతా సగం ఎందుకో ఎక్కువగా వినపడదు. వాళ్ళలోంచి 65 మందిని తీసుకుని రెండేళ్ళ పాటు శిక్షణ కూడా నడిపారు. కొందరికి మోతను బట్టి మాటలు జతపరచడం మాత్రమే నేర్పారు. ఇంకొందరికి దానితోపాటు ప్లాస్టిక్ అక్షరాలూ చేతికిచ్చారు. అందరికంటే బాగా ముందుకెళ్ళింది అక్షరాలు పట్టుకున్న గుంపే. పాటలు పాడితే చాలు, చదువు దానంతటదే వస్తుందనే మాటకు ఈ పరిశోధన సాక్ష్యం చెప్పదు. 1987లో మోరాగ్ మెక్లీన్‌తో కలిసి వాళ్ళే మూడేళ్ళు దాటిన 66 మందిని చూశారు. 'హంప్టీ డంప్టీ' వంటి ఐదు పాటల్లో ఎన్ని వస్తే పిల్లల చెవి అంత పదునుగా ఉందని తేలింది. తల్లిదండ్రుల చదువునూ పిల్లల తెలివినీ లెక్కలోకి తీసుకున్నాక కూడా.

ఇదంతా ఇంగ్లిష్ మాట. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగింట పెరిగే పిల్ల చెవిలో రెండు భాషలు మోగుతాయి. ఆ రెండింటిలో ప్రాస కుదిరే చోటు ఒకటి కాదు.

ఇంగ్లిష్ మాటను అచ్చుకు ముందు కోస్తుంది. క్యాట్, హ్యాట్, మ్యాట్ అన్నప్పుడు మొదటి హల్లు పోయి, అచ్చూ దాని వెనక హల్లూ కలిసి నిలుస్తాయి. తెలుగు మాటను అచ్చు తర్వాత కోస్తుంది. పిల్లి, బల్లి, తల్లి అన్నప్పుడు 'పి'కి, 'బ'కి అచ్చు కలవకపోయినా ఎవరి చెవికీ వెలితి అనిపించదు. వెనకనున్న 'ల్లి' కలిసింది, అది చాలు. పద్యంలో ప్రాస నియమం కూడా ఇదేగా! పాదంలో రెండో అక్షరపు హల్లు కలవాలి, మొదటి అక్షరం గురువుకు గురువు, లఘువుకు లఘువుగా ఉండాలి. మొదటి అచ్చు ఏదన్నది ఎవరూ అడగరు.

ఛందస్సు చదవని వాళ్ళు కూడా ఈ కోతను రోజూ కోస్తూనే ఉంటారు. 'కాఫీ గీఫీ ఏమైనా ఉందా?' 'పుస్తకాలూ గిస్తకాలూ సర్దు.' 'అక్కడ పులీ గిలీ ఉంటాయి.' మొదటి అక్షరం తీసేసి అక్కడ 'గి' గానీ 'గీ' గానీ పెడతాం. పొట్టిదానికి పొట్టిది, పొడుగుదానికి పొడుగుది: పప్పూ గిప్పూ, పాలూ గీలూ. భారతీయ భాషల్లో ఉన్న ఈ అలవాటును భాషావేత్త ముర్రే ఎమెనో 1956లో, ఈ భాషలన్నీ ఒకే ప్రాంతపు పోలికలు పంచుకుంటున్నాయని చూపించిన వ్యాసంలో ప్రస్తావించాడు. ఇక ఇంట్లోవాళ్ళ సంగతి చెప్పాలంటే, ఏ మాటకైనా క్షణంలో జోడీ పుట్టించే ఈ యంత్రాన్ని చేతిలో పెట్టుకుని, రైమ్స్ పుస్తకాల కోసం దుకాణాలు వెతుకుతుంటారు.

లిపి కూడా ఈ కోతకే అనుకూలం. 'పు' ఒక అక్షరం, 'లి' ఇంకో అక్షరం; కోత రెండింటి మధ్య పడుతుంది. ఇంగ్లిష్ ప్రాస పట్టుకోవాలంటే 'క్యా' అనే ఒక్క అక్షరాన్నే లోపల చీల్చాలి. తెలుగుకు దగ్గరి లిపి అయిన కన్నడంలో చదువు నేర్చే పిల్లల్ని సోనాలి నాగ్ పరిశీలించారు. మాటను అక్షరాలుగా విడగొట్టడం వాళ్ళకు తొందరగా వస్తుందనీ, అక్షరంలోని హల్లునూ అచ్చునూ విడివిడిగా పట్టుకోవడం నెమ్మదిగా వస్తుందనీ 2007లో చూపించారు.

కాబట్టి కిండర్‌గార్టెన్‌లో 'బెల్'కు జోడీగా ఒక తెలుగు పిల్ల 'బాల్' అంటే, చెవి మందమనుకోనక్కర్లేదు. పిల్లీ బల్లీ లెక్కలో అది సబబే. అప్పుడు తల్లి బెల్, షెల్, వెల్ అని అచ్చును సాగదీసి వినిపిస్తే తేడా అందుతుంది. పాత పాటలు కూడా ఒక్కోసారి మోసం చేస్తాయి. 'జాక్ అండ్ జిల్'లో 'వాటర్'కు 'ఆఫ్టర్' జత. ఇప్పటి ఉచ్చారణలో అది కలవదు. ఒకప్పుడు కలిసేదనీ, పాట పదిహేడో శతాబ్దిది కావచ్చనీ పండితుల ఊహ.

తెలుగులో జాగ్రత్త వేరే చోట కావాలి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, క్రియలకు ఒకే తోక ఉంటుంది. 'వచ్చింది, పాడింది' అన్నప్పుడు కలిసింది తోక ఒక్కటే. 'వచ్చింది, తెచ్చింది, ఇచ్చింది' అంటే అసలు జోడీ. పిల్లల కోసం కొత్తగా రాసే పాటల్లో మొదటి రకమే ఎక్కువ కనిపిస్తుంది. రాసేవాళ్ళకు సుఖం, చెవికి పని లేదు. కూర్చుని ఆడించేటప్పుడు 'పిల్లి, బల్లి, పిట్ట, తల్లి' అని నాలుగు మాటలిచ్చి పొసగనిది తీసేయమంటే మేలు. పిట్ట, పిల్లి ఒకే అక్షరంతో మొదలవుతాయి కనుక పిల్ల మాట మొదలు వింటోందో చివర వింటోందో వెంటనే బయటపడుతుంది.

అక్షరాలు వచ్చే వయసుకు పలక తీయాలి. 'పులి' కింద 'గిలి' రాసి, రెండింటి మొదటి అక్షరాన్నీ వేలితో మూస్తే మిగిలేది ఒకటే 'లి'. ఫ్రిజ్ మీది అయస్కాంతపు ఇంగ్లిష్ అక్షరాలతో క్యాట్, హ్యాట్ రాసినా ఇలాగే ఒక అక్షరం మార్చితే సరిపోతుంది. 'చెయిర్', 'బేర్' దగ్గరికి వచ్చేసరికి స్పెల్లింగులు కలవవు. అవి మాత్రం అక్షరాలు పక్కనపెట్టి నోటితోనే ఆడించాలి.