ఆ కాన్వెంటులో ఇంకో హువానా



మెక్సికో నగరం పాతబస్తీలో సాన్ హెరోనిమో అనే క్యాథలిక్ కాన్వెంటు ఉండేది. స్పెయిన్ వలస పాలనలో, 1585లో పెట్టారు. 19వ శతాబ్దపు సంస్కరణ చట్టాలు దాన్ని మూయించాయి. ఇప్పుడక్కడ ఒక విశ్వవిద్యాలయం నడుస్తోంది. మనలాంటివాళ్ళకి ఆ చోటు తెలిసింది మాత్రం కవయిత్రి సోర్ హువానా ఇనెస్ దె లా క్రూస్ వల్లనే.

1669లో ఆమె అక్కడ సన్యాసం పుచ్చుకుంది. పెళ్ళి బొత్తిగా ఇష్టం లేకనే ఆ దారి పట్టానని 1691లో ఒక బిషప్పుకి రాసిన జవాబులో తనే చెప్పింది. (ఆ బిషప్పు ఆడపేరు పెట్టుకుని మరీ ఆమెను మందలించాడు!) స్త్రీలకి చదువుకునే హక్కుందని వాదించిన ఆ జవాబుని స్త్రీవాదపు తొలి పత్రాల్లో ఒకటిగా చదువుకుంటున్నాం. చదవాల్సిందే.

అయితే ఆ చదువుకి ఖర్చెవరు పెట్టారు? పెళ్ళి తప్పించుకున్నా కట్నం తప్పలేదు. క్రీస్తుకి వధువు కదా! 3,000 పేసోలు ఒక ధనవంతుడు కట్టాడు. కట్నం ఒక్కటే చాలదు, పుట్టుక కూడా స్పానిష్‌దై ఉండాలి. ఆ నగరంలో ఆదివాసీ స్త్రీలకంటూ సన్యాసినుల కాన్వెంటు 1724లో గానీ రాలేదు. అదీ వాళ్ళలోని పెద్దింటి ఆడపిల్లలకే.

ఇక నన్ను చాలాకాలంగా వదలని విషయం. సోర్ హువానా కాన్వెంటులో చేరినప్పుడు తల్లి ఆమెకొక బానిస స్త్రీని ఇచ్చింది. ఆమె పేరూ హువానాయే, హువానా దె సాన్ హోసే. 1684లో సోర్ హువానా ఆ మనిషిని, చంటిబిడ్డతో సహా, తన సొంత సోదరికి అమ్మింది. కాగితాలున్నాయి.

ఈ మాట చెబితే కొందరు మిత్రులు నొచ్చుకుంటారు. అప్పటి కాలం అలాంటిదంటారు. నిజమే. 1695లో అంటువ్యాధి వస్తే సోర్ హువానా తోటి సన్యాసినులకి సేవ చేస్తూ చనిపోయింది, అదీ నిజమే. కానీ నేను ఈ ప్రసంగం రాసుకున్న రెండు రోజులూ మా ఇంట్లో వంట ఇంకొకావిడ చేసింది. ఇంటిపనికి దూరంగా ఒక స్త్రీకి గది దొరికిందంటే ఆ పని మాయమైపోదు, ఇంకో స్త్రీ చేతికి పోతుంది. ఆమెది ఏ కులమో, ఏ జాతో కూడా మనకి ముందే తెలుసు.

మీలో చాలామంది ఊళ్ళల్లో స్త్రీల జీవిత కథలు సేకరిస్తున్నారు. ఉద్యమంలో తిరిగిన ఆవిడని అన్నీ అడుగుతాం. ఆవిడ బయట తిరుగుతున్నప్పుడు ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారో అడగం. ఈసారి అడగండి. "పనిమనిషి" అని రాసి వదిలెయ్యకుండా పేరు కనుక్కోండి, బతికుంటే వెళ్ళి ఆమెతో కూడా మాట్లాడండి.