ఆఫీసులో కులం, మనసులో గాయం

(ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను రోస్టర్ గురించో, బ్యాక్‌లాగ్ పోస్టుల గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. వాటి మీద మన సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడుతున్నాయి, కొట్లాడాలి కూడా. కానీ ఆ పోస్టులో చేరిన మనిషి లోపల ఏం జరుగుతోందన్నది మన ఎజెండాలోకి ఎప్పుడూ రాలేదు. ఈ రోజు దాని గురించి మాట్లాడుకుందాం.

డిప్రెషన్, ఆందోళన వల్ల ప్రపంచంలో ఏటా 1200 కోట్ల పనిదినాలు నష్టపోతున్నామని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో అంచనా వేశాయి. అందుకే ఇప్పుడు చాలా ఆఫీసుల్లో యోగా తరగతులు, ఒత్తిడి తగ్గించే శిక్షణలు పెడుతున్నారు. మంచిదే. కానీ ఊపిరి ఎలా పీల్చాలో నేర్పేవాళ్లు, ఊపిరి ఆడనివ్వనిది ఏమిటని మాత్రం అడగరు.

1917లో బాబాసాహెబ్ అంబేడ్కర్ కొలంబియాలో చదివి వచ్చి బరోడా సంస్థానం కొలువులో చేరారు. ఆ ఊళ్లో ఆయనకు తలదాచుకునే చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో ఉంటే, కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టారు. పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా ఆ దృశ్యం గుర్తొస్తే కన్నీళ్లు ఆగవని ఆయనే ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్నారు. అంతటి మనిషి తన గాయాన్ని దాచుకోలేదు. మనం ఎందుకు దాచుకుంటున్నాం?

‘మీరేమిట్లు?’ అని సూటిగా అడగడం పట్నంలో తగ్గింది. ఇప్పుడు ఇంటిపేరు అడుగుతారు. ఏ ఊరంటారు, ఊళ్లో ఎటువైపు అంటారు. ఆ తర్వాత ‘నీ ర్యాంకు ఎంత?’ అంటారు. జవాబు తెలిశాక టీకి పిలవడం ఆగిపోతుంది. ముఖ్యమైన ఫైలు మీ టేబుల్ దాకా రాదు. పోస్టింగ్ లూప్‌లైన్‌లోకి పోతుంది. పక్క సీటు మనిషి చేసిన తప్పు పొరపాటు అవుతుంది, అదే తప్పు మీరు చేస్తే ‘కోటా వాళ్లింతే’ అవుతుంది. వీటిలో ఏ ఒక్కదాని మీదా ఫిర్యాదు రాయలేం. కానీ రోజూ జరిగితే నిద్ర పోతుంది, ఆకలి పోతుంది, మన మీద మనకే నమ్మకం పోతుంది.

ఇందులో ఇంకో ఉచ్చు ఉంది. అలసిపోయానని చెప్పే హక్కు కూడా మనకు లేదనుకుంటున్నాం. సెలవు అడిగితే ‘వీళ్లు తట్టుకోలేరు’ అన్న మాటను మనమే నిజం చేసినట్టవుతుందని భయం. ఇంటికి వెళ్లి చెబుదామంటే, ఇంట్లో మొదటి ఉద్యోగం మనదే. అమ్మానాన్నలు కూలికి వెళ్లి చదివించారు. ‘ఏసీ గదిలో కూర్చునేవాడికి కష్టమేముంటుంది’ అనుకుంటారు. సంఘం ఆఫీసుకు వస్తే ‘ధైర్యంగా ఉండు తమ్ముడూ’ అని పంపించేస్తాం. ఇలా మూడు చోట్లా తలుపు మూసుకుంటే మనిషి ఎక్కడికి పోవాలి?

ముంబయి నాయర్ ఆసుపత్రిలో పీజీ చేస్తున్న ఆదివాసీ వైద్యురాలు డాక్టర్ పాయల్ తడ్వీని 2019 మే 22న పోగొట్టుకున్నాం. సీనియర్లు కులం పేరుతో వేధించారన్న ఆరోపణపై కేసు కోర్టుకెక్కింది. మనిషి పోయాక న్యాయం కోసం నిలబడటం మనకు తెలుసు. మనిషి ఉండగానే నిలబడటం నేర్చుకోవాలి.

పర్మినెంట్ ఉద్యోగికే ఇంత కష్టమైతే, అవుట్‌సోర్సింగ్‌లో రోడ్లు ఊడ్చే అక్క సంగతేమిటి? ఒక రోజు రాకపోతే జీతం కోత, నోరెత్తితే పని పోతుంది. కార్మిక శాఖ చూసిన కాలంలో బాబాసాహెబ్ ఎనిమిది గంటల పనిదినం కోసం నిలబడ్డారు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోజు పని పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచాలని నిర్ణయించింది. విశ్రాంతి కూడా హక్కేనని మర్చిపోతే మానసిక ఆరోగ్యం గురించి ఎన్ని మాటలు చెప్పినా దండగే.

ఇప్పుడు చట్టం సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, కులం చూడకుండా ప్రతి ఒక్కరికీ చికిత్స అందాలంటోంది. మీ జబ్బు వివరాలు గోప్యంగా ఉంచాలంటోంది. శరీర జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలంటోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తీసేయడానికి, హోదా తగ్గించడానికి వీల్లేదు. ఆ వైకల్యాల జాబితాలో మానసిక అనారోగ్యం కూడా ఉంది.

లోటు ఎక్కడుందో కూడా తెలుసుకోవాలి. కులం పేరుతో అవమానిస్తే అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. కానీ ఆ సెక్షన్లు నిలబడాలంటే అవమానం పదిమంది కంటపడేచోట జరగాలి. తలుపులేసిన క్యాబిన్‌లో అన్న మాట చాలాసార్లు చట్టానికి అందదు. లైంగిక వేధింపులపై 2013 చట్టం పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ పెట్టాలంటోంది. కుల వేధింపులకు అలాంటి కమిటీ పెట్టాలని ప్రైవేటు కంపెనీలను ఆదేశించే చట్టం లేదు. అమెరికాలోని సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. మన తెలుగు ఇంజినీర్లు పనిచేసే అక్కడే అది సాధ్యమైతే, కులం పుట్టిన ఇక్కడ ఎందుకు కాదు? ఈ డిమాండ్ మన సంఘాల మొదటి డిమాండ్లలో ఉండాలి.

ఈలోగా మన చేతుల్లో ఉన్న పనులు చేద్దాం.

ఒకటి, జరిగింది రాసిపెట్టుకోండి. తేదీ, మాట, ఎవరు విన్నారు అన్నీ రాయండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏపీఏఆర్ మొత్తం చూపించాలి, అభ్యంతరం చెప్పడానికి పదిహేను రోజుల గడువుంటుంది. ఆ గడువు వదులుకోవద్దు.

రెండు, ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురు, వారిలో ఒక మహిళ, వినడానికి కూర్చోవాలి. సలహాలు తర్వాత, ముందు వినాలి. విన్నది బయట పెట్టకూడదు. అవసరమైతే లైజన్ ఆఫీసర్‌కు, జాతీయ ఎస్సీ, ఎస్టీ కమిషన్లకు రాసిపెట్టాలి.

మూడు, నిద్ర లేకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా, బతకాలని అనిపించకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలవండి. టెలీమానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు మన సంఘం డైరీలో మొదటి పేజీలో అచ్చు వేయండి.

బీపీకి మాత్ర వేసుకున్నవాణ్ణి పిరికివాడు అనం. మనసుకు చికిత్స తీసుకునేవాణ్ణీ అనకూడదు. ఆత్మగౌరవం మన ఉద్యమానికి ప్రాణం. ఆ గౌరవం నిలవాలంటే ముందు మన మనిషి నిలవాలి. ఈ సభ అయ్యాక, కొన్నాళ్లుగా సంఘానికి రావడం మానేసిన ఒక్కరికి ఫోన్ చేయండి. చందా గురించి కాదు, ఎలా ఉన్నావని అడగడానికి.

జై భీమ్.