మూత్రపు గొట్టము - వృద్ధుల సంరక్షణ



వృద్ధాశ్రమములలోను, మన ఇండ్లలోను పెద్దలు మూత్రము రాక బాధపడుచున్నపుడు వైద్యులు మూత్రాశయములోనికి మెత్తని గొట్టమును అమర్చుదురు. దీనినే కాథెటర్ అందురు. 1930వ దశకమున అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ రూపొందించిన ఈ సాధనము ఎందరికో బాధను తీర్చినది. కాని అది క్రిములు లోనికి పోవుటకును దారియే. గొట్టము ఉన్న ఒక్కొక్క దినమునకు నూటికి 3 నుండి 7 మంది చొప్పున మూత్రములో క్రిములు చేరునని వైద్యుల అంచనా. అవి రక్తములో ప్రవేశించినచో ప్రాణాపాయము కలుగును.

కావున సేవ చేయువారికి కొన్ని విషయములు మనవి చేయుచున్నాము. గొట్టమును, సంచిని తాకుటకు ముందును, తరువాతను చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. గొట్టము బయటికి వచ్చు చోటును ప్రతిదినము సబ్బునీటితో శుభ్రపరచిన చాలును. ఘాటైన మందులు పూయ పనిలేదు. సంచి ఎల్లప్పుడును మూత్రాశయముకంటె దిగువను ఉండవలెను, నేలను తాకరాదు. దానిని మంచముపై పెట్టినచో మూత్రము వెనుకకు పారును. గొట్టము మెలిపడరాదు. సంచి మూడింట రెండు వంతులు నిండకమునుపే అడుగున ఉన్న చిన్న కుళాయి ద్వారా ఖాళీ చేయవలెను. ఒకరికి వాడిన పాత్రను వేరొకరికి వాడరాదు. గొట్టమును సంచినుండి ఊరక విడదీయరాదు, లాగనే రాదు. లోపల నీటితో నింపిన చిన్న బుడగ దానిని పట్టియుంచును. గొట్టము మార్చవలసిన తేదీని వైద్యుని అడిగి గోడమీద వ్రాసి ఉంచుడు.

సంచిని ఖాళీ చేయువారికి శ్రమయని కొందరు పెద్దలు నీరు త్రాగుట తగ్గింతురు. గుండె, మూత్రపిండముల జబ్బులున్నవారికి వైద్యుడు విధించిన మితమును పాటించి, తక్కినవారికి తరచుగా మంచినీరు, మజ్జిగ ఇచ్చుచుండుడు. నలుగురు వచ్చు వేళ సంచిపై గుడ్డ కప్పి వారి గౌరవమును కాపాడుడు.

మూత్రము వాసన వేసినంత మాత్రమున మీ అంతట మీరు మందులు మ్రింగింపకుడు. జ్వరము, వణుకు, పొత్తికడుపు నొప్పి, మూత్రమున రక్తము, హఠాత్తుగా మతి తప్పుట కనిపించినను, కొన్ని గంటలుగా సంచిలో మూత్రము చేరకున్నను వెంటనే ఆసుపత్రికి చేర్చుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. పక్క తడియుచున్నదనియో, సేవ సులువగుననియో గొట్టమును ఉంచుట తగదు. వైద్యుని చూచిన ప్రతిసారియు, "ఇది ఇంకను అవసరమా? ఎప్పుడు తీయుదురు?" అని అడుగుడు. అవసరము తీరిన గొట్టమును తీయించుటయే ఆ పెద్దలకు మనము చేయగల ఉత్తమమైన సేవ.