పై చదువు చదివిన నర్సు ఎక్కడ నిలబడాలి?

(డయాసిస్ శతవార్షికోత్సవములలో భాగముగా జరిగిన వైద్యసేవా సదస్సులో చేసిన ప్రసంగము)



నర్సుల ఉన్నత విద్యను గురించి మాట్లాడడానికి పాస్టరును పిలువడమేమిటని మీలో కొందరికి తోచవచ్చును. ఆహ్వానము అందినప్పుడు నాకూ తోచింది. అయితే మా పనిలో సగము ఆసుపత్రి వరండాలలోనే జరుగుతుంది. పై చదువుకు పోవాలా వద్దా అని సిస్టరమ్మ అడిగేదీ, “మా అత్తగారితో ఒక మాట చెప్పండయ్యా” అని బ్రతిమాలేదీ మమ్మల్నే. కనుక ఈ సంగతి కొంత తెలుసుకొనక తప్పలేదు.

శతవార్షికోత్సవము గనుక ముందు పాత మాట ఒకటి. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ దొరసాని 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. వేలూరులో డాక్టర్ ఐడా స్కడ్డర్ 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టారు. మగ డాక్టరు చేత చూపించుకోవడము కంటె ప్రాణము పోవడమే మేలని ఇంటివారు తలచిన రోజులవి. నర్సు పనికి ఆడపిల్లను పంపడమంటే చిన్నతనమనుకున్న రోజులు కూడ. ఆ మాటలు పడి ముందుకు వచ్చినవారిలో క్రైస్తవ కుటుంబముల పిల్లలు చాలామంది. తరువాత 1946లో ఢిల్లీలోను, వేలూరులోను నర్సింగులో బి.ఎస్సీ. వచ్చింది. 1959లో ఢిల్లీలో ఎం.ఎస్సీ. వచ్చింది. చదువు మెట్టు మెట్టుగా పైకి పోయింది. రోగి మాత్రము మంచము మీదనే ఉన్నాడు. నా మాటంతా ఈ రెంటి మధ్యనున్న దూరమును గురించే.

మన వార్డులో చేయి తిరిగిన సిస్టరును తలచుకోండి. ఊపిరి తీరు చూసే రోగికి ఏమి కాబోతున్నదో పసిగట్టగల మనిషి. ఆమె సెలవు పెట్టి, అప్పు చేసి, 2 సంవత్సరములు ఎం.ఎస్సీ. చదువుతుంది. చదివి వచ్చిన మరుసటి నెలలోనే నర్సింగు కాలేజీలో నల్లబల్ల ముందు నిలబడుతుంది. బోధించేవారు అక్కరలేదని నేననను; వారు లేకుంటే రేపటి నర్సులు ఎక్కడినుండి వస్తారు? కాని ఆమె వార్డు విడిచినది బోధన మీది మక్కువతోనే కాదు. వార్డులో ఆమె చదువుకు తగిన పోస్టు లేదు, తగిన జీతము లేదు. (పల్లెలో మంచి సేవ చేస్తున్న పాస్టరును తెచ్చి ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టే అలవాటు మనకూ ఉన్నది గనుక ఈ విషయములో ఆసుపత్రివారిని మరీ తప్పుపట్టలేము.)

ఈ చిక్కునకు ఒక దారి 1965లో కనబడింది. అమెరికాలోని కొలరాడోలో లోరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి ఒక శిక్షణ ప్రారంభించారు. డాక్టరు అందని చోట్ల పిల్లలను నర్సే పరీక్షించి, సామాన్యమైన జబ్బులకు తానే చికిత్స చేసి, పెద్ద జబ్బును పోల్చుకొని ఎప్పుడు పైకి పంపాలో తేల్చగలగాలి. అది దాని ఉద్దేశము. నర్సు ప్రాక్టీషనరు అనే మాట అక్కడ పుట్టింది. ఆ ఫోర్డ్ గారు 100 సంవత్సరములు దాటి జీవించి 2025లో కన్నుమూశారు.

మన దేశములో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2016-17 ప్రాంతములో క్రిటికల్ కేర్ నర్సు ప్రాక్టీషనరు అనే 2 సంవత్సరముల పి.జి. కోర్సుకు రూపమిచ్చింది. ఇందులో చదువు పుస్తకముల గదిలో కాక, ఎక్కువ పాలు ఐ.సి.యు.లో రోగి పక్కనే జరుగుతుంది. 2018 డిసెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకములు ప్రకటించింది. ప్రసవములు చేసిన అనుభవమున్న నర్సుకు 18 నెలలు శిక్షణ ఇచ్చి మిడ్‌వైఫరీలో నర్సు ప్రాక్టీషనరును చేయాలన్నది అందులోని ఏర్పాటు. ఇది ఎం.ఎస్సీ. కాదు గదా అని పెదవి విరిచేవారున్నారు. పట్టా పేరును నేనంతగా పట్టించుకోను. చదువు ముగిసిన తరువాత ఆమె ఎక్కడ నిలబడుతుందో అడుగుతాను.

ఈ విషయములో తెలంగాణ ఒక అడుగు ముందే వేసింది. 2017లో ప్రభుత్వము, యూనిసెఫ్, హైదరాబాదు ఫెర్నాండెజ్ ఆసుపత్రి కలిసి 30 మంది ప్రభుత్వ స్టాఫు నర్సులకు ఈ 18 నెలల శిక్షణ మొదలుపెట్టాయి. ఎందుకంత తొందర? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క వినండి. తెలంగాణలో 100 కాన్పులకు దాదాపు 61 పెద్దాపరేషన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42. దేశమంతటికి సగటు 21 లేక 22. మరొక లెక్క కూడ చెప్పకపోతే అన్యాయము. 2018-20లో లక్ష కాన్పులకు తల్లుల మరణములు దేశములో 97 ఉండగా తెలంగాణలో 43, ఆంధ్రలో 45. ఆసుపత్రి కాన్పులు, సమయానికి చేసిన ఆపరేషన్లు తల్లులను బ్రతికించినవి. ఆపరేషను చెడ్డదని ఇక్కడినుండి ఎవరూ చెప్పుకొని పోవద్దు. అవసరము లేని కోత సంగతి వేరు. తరువాతి కాన్పుకు అది భారము, కూలికి పోయే తల్లి నడుముకు భారము, అప్పు తెచ్చిన తండ్రికి భారము.

మరి ఈ శిక్షణ పొందిన సిస్టరు ఏమి చేస్తుంది? తొలి కాన్పు పిల్ల రాత్రి 10 గంటలకు నొప్పులతో వస్తుంది. వెంట వచ్చినవారు గంట గంటకు “ఇంకా కాలేదా?” అంటారు. గర్భద్వారము 4 సెంటీమీటర్లు తెరుచుకున్నది మొదలు గంటకొక సెంటీమీటరు చొప్పున సాగాలని ఇదివరకు లెక్క కట్టేవారు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ప్రసవ సంరక్షణ పట్టికలో 5 సెంటీమీటర్లు వచ్చిన తరువాతనే నొప్పులు ముమ్మరమైనట్లు లెక్క. ఒక్క సెంటీమీటరే గదా అనుకోకండి. ఆ ఒక్కదానిలో ఎన్నో గంటల ఓపిక ఉన్నది. తెలిసిన సిస్టరు ఆ గంటలలో పిల్లను వెల్లకిల పడుకోబెట్టి ఉంచదు. నడిపిస్తుంది, కూర్చోబెడుతుంది, తల్లినో అక్కనో పక్కన ఉండనిస్తుంది, బిడ్డ గుండె చప్పుడు వేళకు వింటుంది, ప్రతిదీ వ్రాస్తుంది. ఆ చప్పుడులో తేడా వచ్చిన మరుక్షణము డాక్టరమ్మను లేపుతుంది. ఎంతవరకు ఆగవచ్చునో, ఎప్పుడు పరుగెత్తాలో తెలియడమే ఈ విద్య. ఇది పోస్టులో వచ్చే పాఠముల వలన రాదు.

కాన్పు తరువాతి రక్తస్రావము సంగతి కూడ చెప్పాలి. ఎంత పోయిందో కంటితో చూసి అంచనా వేస్తే తక్కువగానే కనబడుతుంది. 2023లో ఒక పెద్ద పరిశోధన ఫలితములు వెలువడినవి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాలలో 80 ఆసుపత్రులు అందులో ఉన్నవి. గీతలున్న ప్లాస్టిక్ సంచి తల్లి కింద పరచి రక్తము కొలిచారు. హద్దు దాటగానే గర్భసంచిని మర్దన చేయుట, మందులు, సెలైను, పరీక్ష అన్నీ ఒకదాని కొరకు ఒకటి ఆగకుండ వెంటవెంటనే చేశారు. తీవ్రమైన రక్తస్రావము మొదలైన ప్రమాదములు 60 శాతము తగ్గినవి. ఇందులో మనకు అందుబాటులో లేని యంత్రమేదీ లేదు. తల్లి పక్కనున్న మనిషికి విద్య, ఇంకొకరు వచ్చేదాక ఆగకుండ మొదలుపెట్టే అధికారము, ఇవే కావలసినవి.

అధికారమన్న మాట వచ్చింది గనుక ఆగి చెబుతాను. నాకు తెలిసిన ఒక సిస్టరు ఐ.సి.యు.లో 2 సంవత్సరముల కోర్సు చదివి తన ఆసుపత్రికి తిరిగి వచ్చింది. ఆమెను పాత జీతము మీదనే, పాత డ్యూటీలోనే వేశారు. మందు మోతాదు మార్చవలసి వచ్చినప్పుడు “నీవు ఎవరు?” అన్నారు. ఇప్పుడామె వేరే దేశములో ఉన్నది, ఆ చదువుతోనే పని చేస్తున్నది. మన పిల్లలు డబ్బుకు ఆశపడి పోతున్నారని పందిళ్ళలో ప్రసంగించేవారు ఈ సంగతి కూడ తెలుసుకోవాలి. డాక్టర్ల భయము నాకు తెలుసు: ఏదైనా జరిగితే సంతకము ఎవరిది? న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు, ఏ స్థితిలో నర్సు తానుగా ఏమి చేయవచ్చునో డాక్టర్లు, నర్సులు కూర్చొని ముందే కాగితము మీద వ్రాసుకొని, ఆసుపత్రి ముద్ర వేసుకొనుట. నర్సు ప్రాక్టీషనరు మన దేశములో పనిచేయవలసినది ఆ నియమావళి లోపలనే. 2023లో పార్లమెంటు నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టము చేసింది. మిడ్‌వైఫరీ అన్న మాట చట్టము పేరులోనికే ఎక్కింది. కాని చట్టము ఢిల్లీలో ఉంటుంది, డ్యూటీ పట్టిక మన మేట్రను గదిలో ఉంటుంది.

మంత్రసాని పని చిన్నదనుకొనేవారు నిర్గమకాండము మొదటి అధ్యాయము మరల చూడండి. అక్కడ ఐగుప్తు రాజు పేరు లేదు. షిఫ్రా, పూయా అని ఇద్దరు మంత్రసానుల పేర్లున్నవి.

పై చదువుకు పోదలచిన సిస్టర్లకు నాలుగు మాటలు. ఆ కోర్సుకు నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదో లేదో, ముగించిన తరువాత రాష్ట్ర కౌన్సిల్లో అదనపు అర్హతగా నమోదు చేస్తారో లేదో అడగండి. కాలేజీ భవనము చూసి మోసపోకండి. దానికి సొంత ఆసుపత్రి ఉన్నదా, నెలకు ఎన్ని కాన్పులు అవుతవి, మీ చేత ఎన్ని చేయిస్తారు అని అడగండి. ఇప్పటికే చదువుతున్న పిల్లలను హాస్టలులో కలుసుకొని అడిగితే ప్రిన్సిపాలు గారు చెప్పనిది కూడ తెలుస్తుంది.

ఆసుపత్రి కమిటీవారికి నా మనవి. సంవత్సరమునకు ఇద్దరిని పంపుదాము, జీతము నిలపకుండ పంపుదాము. పంపేముందే వారు తిరిగి రావలసిన పోస్టు పేరు, జీతము, పని కాగితము మీద పెడదాము. సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళము వేసి మనిషిని నిలుపుకొనే పద్ధతి మనకు వద్దు. తాళము వేసిన చోట మనసు నిలువదు. ప్రసూతి వార్డు పక్కనున్న పాత సామాను గది ఖాళీ చేయిస్తే, మిడ్‌వైఫ్ సిస్టర్లే నడిపే కాన్పుల గదికి అది చాలునని మేట్రనుగారు నాతో అన్నారు. థియేటరు అక్కడికి 20 అడుగుల దూరములోనే ఉన్నది. ఈ రెండు సంగతులు వచ్చే కమిటీ ఎజెండాలో చేర్చమని కార్యదర్శిగారికి ఈ ఉదయమే వ్రాసి ఇచ్చాను.

పేర్లు ఇవ్వదలచిన సిస్టర్లకు ఒక పుస్తకము వెనుక బల్ల మీద పెట్టించాము. ఇంటిలో ఒప్పించవలసినవారు ఉంటే పేరు పక్కన ఒక గుర్తు పెట్టండి. ఆ ఇంటికి నేను, మా అమ్మగారు ఒక సాయంత్రము వస్తాము.